అడవి జంతువు ఎదురుపడ్డ రోజు: మీవి కూడా రాయండి (నాది మేకెదాటు రోడ్డులో ఏనుగు)

జేపీనగర్_వాసు · శనివారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. వాన పడి కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద ఒక ఫ్యానూ వైఫై నడుస్తున్నాయి, ఇలాంటప్పుడే పాతవన్నీ గుర్తొస్తాయి. బెంగళూరులో ఉన్న మనవాళ్ళల్లో శనివారం వస్తే చాలు బండేసుకుని కొండలూ గుట్టలూ పట్టిపోయేవాళ్ళు చాలామందే ఉన్నారు కదా. జూలో చూసినవీ సఫారీ జీపులోంచి చూసినవీ వద్దు. అనుకోకుండా ఎదురుపడ్డవి ఉంటే రాయండి. ముందు నాది.

రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో నేనూ మా బామ్మర్దీ ఒకే బండి మీద మేకెదాటు వెళ్ళాం. కనకపుర దాటి పోతే అర్కావతి వచ్చి కావేరిలో కలిసే సంగమ వస్తుంది, ఇంకాస్త ముందుకి మేకెదాటు. మేక దూకి దాటేంత సన్నగా అయిపోయి రాళ్ళ మధ్య దూరుతుంది కావేరి, అందుకే ఆ పేరు. కన్నడం పేరే అయినా మనకి ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. చుట్టూ అంతా కావేరి అభయారణ్యం. చీకటి పడకముందే బయటపడండి అని ఫారెస్టువాళ్ళు చెప్తూనే ఉన్నారు, మనం వింటామా, ఏట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, వేయించిన చేపలు తిని, ఫోటోలు దిగి, తీరా బయల్దేరేసరికి ఆరు దాటింది.

ఒక మలుపు దాటాక బామ్మర్ది ఒక్క నిమిషం బావా అన్నాడు. ఆపాను. వాడు ఎడమపక్క తుప్పల్లోకి వెళ్ళాడు, నేను ఇంజన్ ఆపేసి హెల్మెట్ తీసి దాని అద్దం చొక్కాతో తుడుచుకుంటున్నా. తల ఎత్తేసరికి రోడ్డు మధ్యలో ఏనుగు ఉంది. ఎలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఒక కొమ్మ విరిగిన చప్పుడు లేదు, అడుగు చప్పుడు లేదు. అంతకు ముందు ఖాళీ రోడ్డు, ఇప్పుడు ఏనుగు. నాకూ దానికీ మధ్య ఒక లారీ పట్టేంత జాగా ఉంటుందేమో. ఒకటే దంతం, వీపు మీద ఎర్రమట్టి ఎండి బీటలు వారి ఉంది, ఆ మట్టిలో ఒక ఆకు అతుక్కుని గాలికి కదుల్తోంది. ఆ ఆకు మాత్రం నాకు ఫోటో తీసినట్టు గుర్తుంది, మిగతా అంతా కలగాపులగం. చెవులు ఊపుతోంది, ఉన్నట్టుండి ఊపడం ఆపేసింది. ఆ ఆపడం చూసి నా ప్రాణం పైకెళ్ళి కిందకొచ్చింది.

బండి తిప్పి వచ్చిన దారినే వెళ్ళిపోయి ఇంకో మలుపు అవతల ఆగాను. పావుగంటో ఇరవై నిమిషాలో అయ్యాక అది రోడ్డు దిగి వెళ్ళిపోయింది. రాత్రి పదింటికి క్షేమంగా ఇంటికి చేరాం. ఆ రాత్రి నిద్ర లేదు.

మీవి చెప్పండి.

రాత్రిబస్సు · శనివారం రాత్రి 9:58

ఒంటిదంతమా!! బాబోయ్. నేనైతే అక్కడే కూలబడేవాణ్ణి.

పలమనేరు_పిల్లోడు · శనివారం రాత్రి 10:21

వాసన్నా, అది చెవులాపిందంటే వింటాందని అర్థం. ఊపేది ఒళ్ళు చల్లబర్చుకునేదానికి, ఆపేది నువ్వేందో కనుక్కునేదానికి. ఇంజన్ ఆపినాక అది టిక్కు టిక్కుమని చల్లారతా వుంటాది చూడు, ఆ చప్పుడు విన్నెట్టుంది. అడుగు చప్పుడు రాకపోవడం కూడా మామూలే, దాని అరికాల్లో దిండు మాదిరి కొవ్వుంటాది, నాలుగు టన్నుల బరువు పెట్టినా ఎండుటాకు మీద కుక్క నడిచినంత చప్పుడు కూడా రాదు. మా ఊర్లో ఎవురినడిగినా చెప్తారు, ఏనుగును చెవితో కనుక్కోలేం, ముక్కుతో కనుక్కోవాల అని. గాలి మనవైపుకొస్తే పేడ, పచ్చిగడ్డి కలిసిన వాసన ముందొస్తాది.

నేనుండేది బొమ్మనహళ్ళి, పని ల్యాప్‌టాపుతో. కానీ ఊరు పలమనేరు పక్కన కౌండిన్య అడివికి ఆనుకునే. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపునుంచి ఏనుగులు మా చిత్తూరు జిల్లాకొచ్చినాయి, అంతకుముందు తరతరాలుగా మావాళ్ళు ఏనుగంటే గుడి దగ్గర చూసిందే. మా అవ్వ మొదటిసారి చెరుకుతోటలో చూసి టెంకాయ కొట్టబోయిందంట! ఇప్పుడు టెంకాయల్లేవు, టపాసులే. మీకందరికీ ఇది ఒక అనుభవం, వీకెండ్ జ్ఞాపకం. మాకు నైట్ డ్యూటీ. మామిడి కాపుకొచ్చే కాలంలో, చెరుకు పెరిగినప్పుడు మా నాయన మంచె మీద పడుకుంటాడు, కింద నిప్పు, పక్కన డబ్బా. ఒక ఏనుగు రోజుకి 150 కిలోలకి పైనే మేస్తాది, అది తినేదానికన్నా తొక్కేది ఎక్కువ, డ్రిప్పు పైపులు లాగి పారేసేది ఇంకా ఎక్కువ.

నాకు ఎదురైంది చెప్తా. సంక్రాంతికి ఊరికి పోయుంటి. తెల్లారుజాము మోటారేసేదానికి పోతా వుండా, టార్చి చేతిలో వుంది కానీ ఆఫ్ చేసుండా, మన చేనే కదా అని. షెడ్డు మలుపు తిరిగితే నీళ్ళు కారే చప్పుడు. పైపు పగిలిందేమో అని టార్చేసినా. పగిలింది నిజమే. పగలగొట్టినోడు పక్కనే నిలబడి తాగతా వుండాడు. వెలుగు కంట్లో పడేసరికి తొండం నోట్లోంచి తీసి అట్నే పట్టుకోనుంది, తొండం కొసనుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారతావుండాయి. నాకు కాళ్ళు రాలేదు. అప్పుడు కడుపులో ఏందో అదిరినట్టయింది, చెవికి వినపడలేదు, కడుపుకి తెలిసింది, ఊరి జాతరలో పెద్ద స్పీకర్ పక్కన నిలబడితే అయ్యే మాదిరి. అవి మన చెవికందనంత తక్కువ శబ్దంతో మాట్లాడుకుంటాయని తర్వాత చదివినా. వెనకాల గుంపుంది, దానికి ఇది చెప్తా వుందన్నమాట. టార్చి కిందికి దించి వెనక్కి వెనక్కి నడుచుకుంటా వచ్చేసినా. మా నాయన అంతా విని అడిగిన మొదటి మాట "పైపు ఎంత పొడుగు పోయింది?"

2025 మేలో కర్ణాటకవాళ్ళు మనకి కుంకీ ఏనుగుల్ని, అంటే మావటి మాట వినేట్టు నేర్పిచ్చినవాటిని, అప్పజెప్పినారు, అడివి ఏనుగుల్ని పొలాల్లోంచి తరిమేదానికి. మా నాయన మాత్రం మంచె పీకలేదు ఇంకా.

తెలుగు_టీచరమ్మ · శనివారం రాత్రి 10:40

పలమనేరు బాబూ, చాలా బాగా రాశావు నాయనా.

వాసుగారూ, మీకొక చిన్న ప్రశ్న. ఇరవై ఎనిమిదేళ్ళు పేపర్లు దిద్దిన కళ్ళండీ, ఊరుకోవు. "మేకెదాటు వెళ్ళాం" అన్నారు, బాగుంది. "ఇంటికి చేరాం" అన్నారు, బాగుంది. మధ్యలో "మలుపు అవతల ఆగాను" అన్నారు. ఆగాం కాదు, ఆగాను. మీ బామ్మర్దిగారు ఏ మలుపులో బండెక్కారు?

జేపీనగర్_వాసు · శనివారం రాత్రి 10:44

హహ మేడమ్, ఫోన్లో టైపింగ్ కదా. ఆటో కరెక్టు.

ఓరుగల్లు_సైకిల్ · శనివారం రాత్రి 11:15

నాది గుడ్డెలుగు కథ. మాది వరంగల్ సైడు, మారతహళ్ళిల ఉంట. ఎలుగుబంటి అంటరు మీరు.

రామనగర దిక్కు గుట్టలు తెలుసు కదా, అంతా గుండు రాళ్ళు, మా హన్మకొండ గుట్టలే గుర్తొస్తయి. రామదేవర బెట్ట దగ్గర రాబందుల కోసం 2012ల అభయారణ్యం పెట్టిన్రు, ఆ గద్దముక్కు పెద్దపక్షుల్ని చూద్దామని ఆ వైపు తిరుగుడు అలవాటైంది. ఒకపారి దానికి కొంచెం దూరంల వేరే గుట్ట, పేరు నాకే తెల్వది, పొద్దుగాల ఐదున్నరకి ఒక్కణ్ణే ఎక్కుతున్న. ఇంకా మసకమసకగ ఉంది. పైనుంచి ఒక సప్పుడు. గుర్ గుర్ మని పీల్చి బుస్సుమని ఊదుతున్నట్టు. మా ఇంట్ల వాక్యూమ్ క్లీనర్‌ల బట్ట ఇరుక్కుంటే అట్లనే వస్తది. ఇంత పొద్దుగాల గుట్ట మీద మోటరెవడు పెట్టిండు అనుకున్న సచ్చినోణ్ణి. దగ్గరికి పోయి చూద్దామని పోయిన కూడ!

బండ మీదికి చెయ్యేసి పైకి లేసిన. అవతల పుట్ట, పుట్టకి బొక్క, బొక్కల మూతి పెట్టి చెదల్ని పీలుస్తున్నది గుడ్డెలుగు. వీపు మీద పిల్ల. పిల్ల తల్లి బొచ్చు పట్టుకొని నన్నే చూస్తున్నది. తల్లి చూడలే, దానికి ఆ పీల్చుట్ల లోకం తెల్వదు. గోర్లు చూసిన, ఒక్కొక్కటి నా వేలంత ఉంది, తెల్లగ, సున్నం పూసినట్టు.

ఇగ నేను చేసిన ఘనకార్యం ఏందంటే, సైడు జేబుల స్టీలు వాటర్ బాటిల్ జారిపోయింది. టంగ్ టంగ్ టంగ్ అనుకుంట గుట్ట కిందికంట పోయింది. తల్లి ఒక్కసారే మూతి తీసి రెండు కాళ్ళ మీద లేసింది, మూతినిండ ఎర్రమట్టి, ముక్కు అటు ఇటు తిప్పుతున్నది. దాని కండ్లు సరిగ ఆనవంటరు, వాసన చూస్తున్నదన్నమాట. నాకు ఊపిరి తీసుకుందామన్నా రాలే. ఎన్ని సెకండ్లో చెప్పలేను, తర్వాత అది దబ్బుమని నాలుగు కాళ్ళ మీద పడి, పిల్ల వీపు మీద ఎగిరెగిరి పడుతుంటే, అవతలి దిక్కు దిగిపోయింది. బాటిల్ సప్పుడు నా దిక్కు కింది నుంచి వచ్చింది కాబట్టి అది అవతలికి పోయింది, పై నుంచి వస్తే నా మీదికే వచ్చునేమో.

కింద మేకల కాసే ముసలాయన కన్నడంల తిట్టిండు. హాడు హేళ్కొండు హోగ్బేకు అన్నడు, అంటే పాట పాడుకుంట పోవాలె అని. ఎలుగు ఊరికే మీద పడదట, ఉలిక్కిపడితేనే పడుతదట, దూరం నుంచే మనిషి వస్తున్నడని తెలిస్తే అదే పక్కకి పోతదట. నాకు పాటలు ఏం వస్తయి, చిన్నప్పుడు మా అమ్మ వెంట తిరిగి నేర్చుకున్న బతుకమ్మ పాటలే. అప్పటి నుంచి ఏ గుట్ట ఎక్కినా ఉయ్యాలో ఉయ్యాలో అనుకుంట ఎక్కుడే. నా వెనక వచ్చే ఆఫీసు పోరగాళ్ళు నవ్వుతరు. నవ్వనియ్.

బెజవాడ_బుజ్జి · శనివారం రాత్రి 11:32

మీరంతా అడవులకెళ్ళారు, నేను మేడెక్కా అంతే. మేడ మీద గుమ్మడి వడియాలు పెడుతున్నా, వెనకనుంచి నడినెత్తిన ఠపీమని ఒకటి పడింది. పిల్లలు బంతి విసిరారేమోనని తిరిగి నోరు తెరిచా తిడదామని. గద్ద! పక్కింటి సిల్వర్ ఓక్ చెట్టు మీద గూడు పెట్టింది, పిల్లలున్నాయి, మా మేడ దాని ఏరియాలోకి వచ్చిందట. చెయ్యి పెట్టి చూసుకుంటే రక్తం. టీటీ ఇంజక్షన్ చేయించుకున్నా.

మర్నాడు పిండి పాడవుతోందని మళ్ళీ వెళ్ళాల్సొచ్చింది, నెత్తిన స్టీలు బేసిన్ బోర్లించుకుని వెళ్ళా. ఎదురుగా కళ్ళల్లోకి చూస్తూ ఉంటే రాదు, వెనక్కి తిరిగితే చాలు వచ్చేస్తుంది, అందుకని మా అత్తగారు నా వెనక కుర్చీ వేసుకుని దాన్నే చూస్తూ కాపలా. పిల్లలు ఎగిరిపోయేదాకా రెండు నెలలు అదే తంతు. ఎదురింటాయన వీడియో తీశాడు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇప్పటికీ నా పేరు బేసిన్ ఆంటీ.

రాయల్_రైడర్_బీఎల్ఆర్ · శనివారం రాత్రి 11:36

గద్ద కూడా అడవి జంతువేనా 😂 నెక్స్ట్ కాకి, ఉడత.

బెజవాడ_బుజ్జి · శనివారం రాత్రి 11:39

నెత్తి మీద పడితే తెలుస్తుంది నాయనా ఏ జంతువో.

రాయల్_రైడర్_బీఎల్ఆర్ · శనివారం రాత్రి 11:50

సరే అసలైనది నేను చెప్తా. బందీపూర్ రోడ్డు, ఊటీ వెళ్తుంటే. తల్లి ఏనుగు, చిన్న పిల్ల, రోడ్డు పక్కనే. అందరూ కార్లలోంచి తీస్తున్నారు, నేను దిగా. ఇరవై అడుగులు. నా వెనక ఏనుగు, ముందు నేను, సెల్ఫీ వీడియో, ఒక్కసారి చెవులు విప్పి రెండడుగులు నా మీదికొచ్చింది, నేను కదల్లేదు, ఆగిపోయింది. భయపడకపోతే అవేం చేయవు బ్రో. లైక్స్ చూస్తే మీరు షాక్ అవుతారు.

పలమనేరు_పిల్లోడు · ఆదివారం ఉదయం 6:48

నిద్ర లేస్తానే ఇది చదివినా, ఒళ్ళు మండింది.

అన్నా, నువ్వు భయపడలేదని అది ఆగలేదు. అది ఉత్తుత్తి దాడి. తలెత్తి, చెవులు చేటల మాదిరి విప్పి, దుమ్ము లేపి వస్తే సాధారణంగా పో పో అని చెప్పేదానికి. చెవులు తలకి అంటించుకోని, తొండం లోపలికి చుట్టుకోని, సప్పుడు లేకుండా వచ్చిందంటే అది చెప్పేదానికి కాదు, చేసేదానికి. మొదటిదానికి నువ్వు పోకపోతే రెండోది ఎప్పుడొస్తాదో దానిష్టం, పైగా పిల్లున్న తల్లి. మనిషి పరిగెత్తి ఏనుగును గెలవలేడు. నీ వెనకాల కార్లలో పిల్లలున్నింటారు కదా, అది బెదిరి కారు మీదికి పోయుంటే?

ఆ రోడ్లో 2009 నుంచి రాత్రి తొమ్మిది మొదలు పొద్దున ఆరు దాకా బండ్లు ఆపేసేది ఎందుకనుకున్నావు? మనకోసం కాదు, వాటికోసం. పగలైనా వాటికి కొంచెం జాగా ఇయ్యి.

రాయల్_రైడర్_బీఎల్ఆర్ · ఆదివారం ఉదయం 8:30

చిల్ బ్రో. క్లాస్ పీకకు.

నిర్వాహకుడు · ఆదివారం ఉదయం 8:41

రాయల్ రైడర్‌గారూ, మీ వీడియో లింకు తీసేశాను. అడవి రోడ్డులో బండి దిగడాన్ని గొప్పగా చెప్పే పోస్టులు ఇక్కడ ఉంచం. మిగతావాళ్ళు కొనసాగించండి.

హిందూపురం_క్యాబ్ · ఆదివారం మధ్యాహ్నం 1:05

నేను ఏడేండ్లుగా ఈడ క్యాబ్ తోల్తాండా. చిరుతపులి గురించి ఎవురూ రాయలేదే అని ఆశ్చర్యంగుంది. 2016 ఫిబ్రవరిలో సిటీలో స్కూల్లోకొచ్చి దూరింది చిరుత, ఆదివారం కాబట్టి పిల్లోళ్ళు లేరు గానీ పట్టబోయినోళ్ళని గాయపర్చింది. టీవీలో ఈతకొలను పక్కన మనిషి మీదికి ఎగిరేది చూపించినారు కదా. మొన్న 2023లో కూడా కూడ్లు గేట్ కాడ అపార్ట్‌మెంట్ల మధ్యలో తిరిగి చివరికి తూటా తగిలి చచ్చిపోయింది పాపం. అది జూసినాక మా డ్రైవర్లందరూ రాత్రి మూత్రానికి కూడా బండి దిగాలంటే రెండుసార్లు చూసుకున్యారు కొన్నాళ్ళు.

నాది బన్నేరుఘట్ట అవతల. రాత్రి రెండు, ఎయిర్‌పోర్టు నుంచి డ్రాపు, వెనకాల సార్ నిద్ర. లేఅవుట్ రోడ్డు, సగం ఇళ్ళు కట్టినారు సగం ఖాళీ. గేటు దాటినప్పటినుంచి కుక్కలు ఎంటపడి మొరుగుతాండాయి, అది మామూలే. ఒక వీధిలోకి తిరిగినాక అన్నీ ఒకేసారి నోరు మూసుకున్యాయి. నాకు అదే వింతనిపించి స్లో చేసినా. హెడ్‌లైటు కాంపౌండ్ గోడ మీద పడింది. గోడ మీద పడుకోనుంది. ఒక కాలు ఇట్ల కిందికి యాలాడేసి, తోక ఇంకోపక్క యాలాడేసి, మా ఇంటి అరుగు మీద మా తాత పడుకున్నెట్టు. కండ్లు రెండూ పచ్చగా దీపాల మాదిరి. తోక కొస ఒకటే, అంత కొస మాత్రమే, లేసి పడతాంది.

నేను అద్దాలెక్కించి, ఏసీ కూడా ఆపేసినా, ఎందుకు ఆపినానో దేవుడికే తెలియాల. హారన్ కొట్టలేదు. సార్‌ని లేపాలా వద్దా? లేపితే అరుస్తాడేమో. అది నన్ను జూసింది, పెద్దగా పట్టించుకోలేదు, ఒళ్ళు విరుచుకోని లేసి గోడ అవతలికి నీళ్ళు పోసినెట్టు దిగిపోయింది. చప్పుడు లేదు.

సార్ ఇల్లు రెండు వీధుల అవతలే. దిగినాక చెప్పినా సార్ చిరుతను జూసినాము అని. "నన్నెందుకు లేపలేదు" అని తిట్టి పోయినాడు. రేటింగ్ కూడా తగ్గించినాడు.

బెజవాడ_బుజ్జి · ఆదివారం మధ్యాహ్నం 1:20

తాత పడుకున్నట్టు 🤣 అన్నా ఆ సార్‌కి మళ్ళీ డ్రాప్ పడితే గద్ద ఉన్న మా మేడకి తీసుకురండి.

సిక్కోలు_సైటింజనీర్ · ఆదివారం సాయంత్రం 4:12

ఆనేకల్ వైపు సైట్ మాది. సెంట్రింగ్ షీట్లు రెండు నెలలుగా ఒక మూల పడున్నాయి, తీయిస్తన్నాను. ఒక షీటు లేపగానే కుక్కర్ విజిల్ వేసే ముందు స్ స్ స్ అని ఆవిరి వస్తాది చూడండి, అంత గట్టిగా. ఎక్కడో కంప్రెసర్ లీకైందేటని అటువైపు చూశాను. ఆ చూడడంలోనే జరిగిపోయింది. పక్కనున్న కుర్రాడు, ఇరవయ్యేళ్ళుండవు, చెప్పుల కాలు, మడమ పైన పట్టేసింది. రక్తపింజర. దాని ఒంటి మీద గొలుసు మచ్చలు అంత దగ్గరగా అప్పుడే చూశాను, ఎవరో కూర్చుని అల్లినట్టు అందంగా ఉన్నాయి, అలా అనుకున్నందుకు తర్వాత నామీద నాకే కోపమొచ్చింది.

మా మేస్త్రీ తువ్వాలు తీసి మోకాలు కింద బిగించి కట్టేశాడు. ఇంకొకడు బ్లేడు కోసం పరిగెట్టాడు, అది మాత్రం ఆపాను. దగ్గర్లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కి పట్టుకెళ్తే విరుగుడు మందు లేదన్నారు, ఇరవై నిమిషాలు అక్కడ పోయింది. పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి కాలు బూరెలా పొంగిపోయింది. అక్కడ డాక్టరు కుర్రాడి రక్తం కాస్త గాజు గొట్టంలో తీసి పక్కన పెట్టి గడియారం చూసుకుంటన్నారు. ఏటిది, ఇక్కడ ప్రాణం పోతంటే ఈయన టైము చూస్తాడేటి అనుకున్నాను. పదకొండు రోజులున్నాడు, బతికాడు. కర్ర పట్టుకుని ఊరెళ్ళాడు, మళ్ళీ పనికి రాలేదు.

డాక్టర్_మల్లేశ్వరం · ఆదివారం సాయంత్రం 5:30

ఆ గాజు గొట్టం సంగతి చెప్తాను, ఎందుకంటే అది చూసి మాతో గొడవ పెట్టుకునేవాళ్ళు చాలామంది. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు వంచి చూస్తాం. గడ్డకట్టకుండా నీళ్ళలా జారిందంటే విషం పనిచేస్తోందని లెక్క, విరుగుడు మొదలుపెట్టాలి. పెద్ద మిషన్లు లేని ఊళ్ళో కూడా చేయగలిగిన పరీక్ష. మీ డాక్టరు గడియారం చూడటమే వైద్యం.

తువ్వాలు బిగించడం పొరపాటు. రక్తం ఆడక కాలికి ఇంకా చేటు, పైగా ఆసుపత్రిలో ఒక్కసారిగా విప్పితే ఇంకో ప్రమాదం. కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పసరు పూయకూడదు. ఉంగరాలు, పట్టీలు, వాచీ తీసేయాలి, వాపొస్తే అవి కోసేస్తాయి. కాలు విరిగినప్పుడు కట్టినట్టు కర్ర పెట్టి కదలకుండా ఉంచి, నడిపించకుండా, 108 కి ఫోన్ చేసి, విరుగుడు ఉందా అని ముందే కనుక్కుని నేరుగా అక్కడికే. పామును చంపి తేవక్కర్లేదు, మన దేశంలో ఇచ్చే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి ఒకటే. దానికి కావల్సిన విషం చాలావరకు చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరులవాళ్ళ సహకార సంఘం తీసిస్తుంది, 1978 నుంచీ ఉంది ఆ సంఘం. మనం కర్రతో కొట్టే పామును వాళ్ళు పట్టుకుని విషం తీసి మళ్ళీ వదిలేస్తారు.

2000 నుంచి 2019 లోపు మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్ళు దాదాపు 12 లక్షలమంది అని ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువమంది పల్లెటూళ్ళవాళ్ళే, చెప్పుల్లేని కాళ్ళే. కట్లపాము సంగతైతే మరీ, నేల మీద పడుకున్నవాళ్ళని రాత్రి కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు, పొద్దున కడుపునొప్పి అనో కళ్ళు తెరవలేకపోతున్నా అనో లేస్తారు.

నాకు సొంతంగా ఎదురైన జంతువు అంటారా, ఆసుపత్రి క్యాంటీన్‌లో ఇడ్లీ లాక్కెళ్ళిన కోతి. అంతే.

యశవంతపుర_రిసెర్చ్ · ఆదివారం రాత్రి 8:55

నాది చాలా చిన్న జంతువు. దేవాంగపిల్లి, పేరుకే పిల్లి, కోతులకి దూరపు చుట్టం. చూసినవాళ్ళు ఎంతమంది ఇక్కడ? కన్నడంలో కాడుపాప అంటారు, అడవి పాపాయి. పేరు పెట్టినవాడికి దండం, నిజంగా అలాగే ఉంటుంది.

మా క్యాంపస్‌లో పాత చెట్లు ఎక్కువ, కొమ్మలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, అది వాటికి కావల్సింది, నేల మీదికి దిగడం ఇష్టముండదు. ల్యాబ్‌లో ఎక్స్‌పెరిమెంట్ ఫెయిలై రాత్రి ఒంటిగంటకి ఏడుపు మొహంతో నడుస్తున్నా (మూడోసారి ఫెయిలవడం, గైడ్‌కి ఏం చెప్పాలో తెలీదు, అది వేరే పోస్టు). సెల్ ఫోన్ లైటు పడి వెదురుపొదలో రెండు నారింజ రంగు నిప్పుకణికలు. లైటు అరచేత్తో మూసి వేళ్ళ సందులోంచి వచ్చే ఎర్రవెలుతురుతో చూశా, మామూలు లైటు దాని కళ్ళకి బాధ. నా మొహానికి నాలుగు జానల దూరంలో ఉంది. మొహంలో సగం కళ్ళే. పుల్లల్లాంటి చేతులు. ఒక్కో చెయ్యి తీసి ముందుకి పెట్టడానికి ఎంతసేపు తీసుకుందంటే, మా బామ్మ తులసికోట చుట్టూ తిరగడం గుర్తొచ్చింది. అంత నెమ్మది ప్రాణి, ఒక మిడత మీదికి మాత్రం రెండు చేతులూ చాచి చటుక్కున పట్టేసి, తల ముందు కొరికి, కళ్ళు మూసుకుని నమిలింది. కరకర వినిపించింది నాకు.

తర్వాత తన చేతుల మీద తనే ఒంటేలు పోసుకుని రుద్దుకుంది! అలవాటట, అవి అలా చేతులూ కాళ్ళూ కడుక్కుంటాయట, వాసనతో కొమ్మలకి గుర్తు పెట్టడానికని కొందరంటారు. క్షుద్రపూజలకని దీన్ని పట్టి అమ్మేవాళ్ళున్నారు, పాపం ఆ కళ్ళే దానికి శాపం. పులికి ఉన్నంత చట్టరక్షణే దీనికీ ఉంది, జైలు ఖాయం.

పదినిమిషాలు నిలబడ్డా. హాస్టల్‌కెళ్ళి హాయిగా పడుకున్నా.

తెలుగు_టీచరమ్మ · ఆదివారం రాత్రి 9:10

బంగారుతల్లీ, మీ బామ్మ ప్రదక్షిణం పోలిక అదిరింది.

వాసుగారూ, నేనింకా మలుపు దగ్గరే ఉన్నాను.

ఓరుగల్లు_సైకిల్ · ఆదివారం రాత్రి 9:14

అవునే, నాకు ఇప్పుడు కొడుతుంది. బామ్మర్ది తుప్పలల్ల ఉండె కదా?

జేపీనగర్_వాసు · ఆదివారం రాత్రి 9:30

అబ్బా, పాత సంగతులు ఎందుకండీ. వాడు వచ్చాడు. కలిసే వచ్చాం. ఎవరికైనా అడవిదున్న కథలు ఉన్నాయా?

తుప్పల_వెనక_మనిషి (ఈరోజే చేరారు) · ఆదివారం రాత్రి 10:02

నమస్కారం అండీ. ఎవరో స్నేహితుడు లింకు పంపాడు, ఇది మా బావ శైలే అని. టీచర్‌గారికి పాదాభివందనం.

ఏం జరిగిందో నేను చెప్తా. నేను తుప్పల్లో ఉన్నాను. జిప్పు ఇంకా పెట్టుకోలేదు. బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది, బావ ముందుకి తెస్తున్నాడేమో అనుకున్నా. చప్పుడు దూరమైపోయింది. సరదా చేస్తున్నాడనుకుని తిట్టడానికి తల బయటపెట్టా, ఆకుల్లోంచి ఒక కాలు కనిపించింది. ముందు చెట్టు మొదలనుకున్నా. చెట్టుకి గోళ్ళుండవు కదా. గోళ్ళు చుట్టూ పగిలి, సందుల్లో మట్టి. మోకాలి దగ్గర చర్మం వదులుగా ముడతలు పడి, మా తాతగారి పాత ఖద్దరు ప్యాంటులా ఉంది. పలమనేరు అన్న చెప్పిన వాసన, పచ్చిగడ్డి పేడ కలిసింది, అది నిజం. అలాగే కూర్చుండిపోయా. ఫోన్ జేబులో ఉంది, ఎక్కడ మోగుతుందో అని సైలెంట్‌లో పెట్టడానికి కూడా చెయ్యి కదపలేదు. ఎవరైనా ఫోన్ చేసుంటే ఇప్పుడు ఈ పోస్టు ఉండేది కాదు.

అది బావని చూడటానికి రాలేదండీ. అక్కడ రోడ్డు మీదికి వంగి చింతచెట్టు ఉంది. కాయలు రాలి ఉన్నాయి. తొండం కొసతో ఒక్కొక్క చింతకాయా ఏరుకుని, తారు మీద ఒకసారి దులిపి, నోట్లో వేసుకుంటోంది. మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. ఇరవై నిమిషాలు. నేను లెక్కపెట్టాను, భయంతో ఏం చేయాలో తెలీక, నలభైమూడు దాకా వచ్చి తప్పిపోయింది లెక్క. పుల్లగా తగిలినప్పుడు కళ్ళు కొంచెం మూసుకుంటుంది. అది వెళ్ళిపోయాక కూడా నేను లేవలేదు, కాళ్ళు తిమ్మిరెక్కాయి.

అప్పుడు మా బావ మలుపులోంచి బండి తోసుకుంటూ, ఇంజన్ వేయకుండా, మెల్లగా పిలుస్తూ వచ్చాడు. "ఒరేయ్, ఉన్నావా?" అని.

ఉన్నాను బావా. రెండేళ్ళైంది, అక్కకి ఇంతవరకూ చెప్పలేదు. వచ్చే ఆదివారం మీ ఇంటికే భోజనానికి వస్తున్నా.

జేపీనగర్_వాసు · ఆదివారం రాత్రి 10:06

ఏం కూర చేయించమంటావు?